ఫ్రేములోంచి ఎవరు జరగాలి?

ఈ వ్యాసంలో తప్పు చేసినవాళ్ల లెక్క తీస్తే మొదటి పేరు నాదే రావాలి. అందుకే నా సంగతితోనే మొదలుపెడతాను.

2011 జనవరి. డిగ్రీ చదువుతూ సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చాను. పాపికొండల దగ్గర గోదావరి ఒడ్డున మా ఊరు. కొండరెడ్లవి నలభై గడపలు. ఒకరోజు లాంచీలోంచి ఒక పెద్దమనిషి దిగాడు. వెంట రెండు బరువైన సంచులు, ఒక మూడుకాళ్ల స్టాండు. ఊరి వెనక కొండ సగం ఎక్కి, అక్కణ్నించి నదిని ఫొటో తీయాలన్నాడు. సంచులు మోయడానికి మనిషి కావాలి, రోజుకు మూడొందలిస్తానన్నాడు. నేను సరేనన్నాను.

మూడు రోజులు ఎక్కి దిగాం. మొదటి రోజు మంచు విడవలేదు. రెండో రోజు ఎండ మరీ తెల్లగా ఉందన్నాడు. ఆ రెండు రోజులూ ఒక్క ఫొటో తీయలేదు. మూడో రోజు పొద్దున మంచు నది మీద పల్చగా సాగుతోంది, కొండ అంచున వెలుతురు పడింది. ఆయన తల మీద నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనక వంగాడు. చాలాసేపటికి తల బయటపెట్టి కింద దారి చూపించాడు. "ఆవిడ్ని కాస్త పక్కకు జరగమని చెప్పవా? ఫ్రేములో అడ్డం వస్తోంది" అన్నాడు.

అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకుని ఆ దారిలో వస్తున్నది మా మేనత్త. నేను కేకేశాను.

"అత్తా! కాసేపు ఆ చెట్టు చాటుకు జరుగు. ఫొటోకి అడ్డం వస్తన్నావంట."

ఆవిడ ఆగి పైకి చూసింది. "నా దారిలో నేనే అడ్డమొచ్చానా అల్లుడా?" అని నవ్వింది. నవ్వుతూనే చింతచెట్టు చాటుకెళ్లి మోపు దించుకుంది. వంటపొయ్యిల పొగ కూడా పల్చబడేదాకా ఆగి ఆయన షటర్ నొక్కాడు.

మరుసటి ఏడాది ఆ ఫొటో ఒక క్యాలెండర్‌లో వచ్చింది. నది, మంచు, కొండలు. ఎంత అందంగా ఉందో చెప్పలేను. పదేళ్ల తర్వాత ఆనకట్ట నీళ్లు మా ఊళ్లోకొచ్చాయి. మమ్మల్ని ఎక్కించి కాలనీలో దించారు. ఇప్పుడు ఆ కొండ మీంచి మా ఊరి చోటు ఎలా ఉండేదో చూపించడానికి మా దగ్గర మిగిలిన మంచి ఫొటో అదొక్కటే. అందులో మా ఊరు లేదు. మా అత్త లేదు. లేకుండా చేయడానికి కేకేసిన గొంతు నాది.

అప్పట్నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. నేలను అందంగా చూపించడం కోసం ఆ నేల మనిషిని పక్కకు జరపడం తప్పా? తప్పయితే ఎందులో ఉంది ఆ తప్పు?

*

ముందు ఆ పెద్దమనిషి వైపు నుంచి మాట్లాడాలి. ఆయన చెడ్డవాడు కాదు. ఇస్తానన్న కూలి ఇచ్చాడు, తెచ్చుకున్న అన్నం నాకూ పెట్టాడు. మూడో రోజు పని అయ్యాక నల్లగుడ్డ కిందికి నన్ను రమ్మని కెమెరా అద్దం చూపించాడు. అది నేను మరచిపోలేను.

దాన్ని టెక్నికల్ కెమెరా అంటారు. ముందు లెన్సు పలక, వెనక ఫిల్మ్ పలక, మధ్యలో మడతలు మడతలుగా ఉండే తోలుసంచి. వెనక పలకకు గరుకు అద్దం ఉంటుంది. బయటి దృశ్యం దాని మీద తలకిందులుగా, ఎడమ కుడిగా, కుడి ఎడమగా పడుతుంది. నేను చూసినప్పుడు గోదావరి పైన ఉంది, ఆకాశం కింద ఉంది. పుట్టినప్పట్నుంచి చూస్తున్న కొండను గుర్తుపట్టడానికి నాకు కొంచెంసేపు పట్టింది. "తలకిందులుగా చూస్తేనే ఏది ఎక్కడుందో బుర్రకెక్కుతుంది" అన్నాడాయన.

ఆ కెమెరాలో వాడేది మీడియం ఫార్మాట్ ఫిల్మ్. 120 అనే రోలు. ఆరు సెంటీమీటర్ల వెడల్పు, తొమ్మిది సెంటీమీటర్ల పొడవు ఉండే బొమ్మలైతే ఒక రోలుకు ఎనిమిదే వస్తాయి. పెళ్లిళ్లలో వాడిన మామూలు 35 ఎం.ఎం. ఫిల్మ్ బొమ్మకు ఇది ఐదు రెట్ల కంటే పెద్దది. అందుకే గోడంత పెద్దది చేసినా ఆకు ఆకుగానే కనిపిస్తుంది. ఇప్పుడు ఫిల్మ్ బదులు అదే కెమెరాకు డిజిటల్ వెనక పలక తగిలిస్తున్నారు. కొన్నిట్లో పదిహేను కోట్ల చుక్కలుంటాయి. పనిలో నిదానం మాత్రం అలాగే ఉంది. స్టాండు నాటాలి, బుడగ చూసి మట్టం సరిచేయాలి, వెలుతురు కొలవాలి, పలకలు జరపాలి, తర్వాతే షటర్.

ఆ పలకలు జరపడంలోనే దాని గొప్పంతా ఉంది. లెన్సును పైకి ఎత్తితే పొడవాటి చెట్టు వెనక్కి ఒరిగినట్టు పడకుండా నిటారుగా పడుతుంది. లెన్సును కొంచెం ముందుకు వంచితే కాళ్ల దగ్గరి గడ్డి నుంచి దూరపు కొండ దాకా అన్నీ ఒకేసారి తేటగా వస్తాయి. దీని వెనకున్న లెక్కను షైంప్‌ఫ్లుగ్ సూత్రం అంటారు. థియోడర్ షైంప్‌ఫ్లుగ్ అనే ఆస్ట్రియా సైన్యాధికారి పేరు అది. 1904లో ఆయన పేటెంట్ తీసుకున్నాడు. అందమైన బొమ్మల కోసం ఆయన ఆ పని చేయలేదు. గాల్లోంచి తీసిన ఫొటోల్లో వంకర్లు సరిచేసి పటాలు గీయడానికి చేశాడు. అంటే ఈ కెమెరా నేర్చిన కదలిక సర్వేవాళ్ల పనితో కలిసి పెరిగింది. సర్వే అన్న మాట మన గూడేల్లో ఎలా వినిపిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. గొలుసు పట్టుకుని వచ్చినవాడు వెళ్లిపోయాక మన పొలం ఎవరిదో మారిపోయిన కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

అయినా నేను ఆ కెమెరాను తిట్టను. ఒక చోటు కోసం మూడు రోజులు ఆగి, ఎనిమిదంటే ఎనిమిది బొమ్మలు లెక్కపెట్టుకుని తీసేవాడు, ఆ చోటును తేలిగ్గా తీసుకున్నాడని అనలేను. అంత ఓపికగా చూడటం ఒక గుణమే. వేటకు పోయే మనవాళ్లకు ఆ గుణం తెలుసు. తేనె తీసేవాళ్లకు తెలుసు. నన్ను కలవరపెట్టేది అందుకే: అంత శ్రద్ధగా చూసిన కన్నుకు మా అత్త అడ్డంగా ఎందుకు కనిపించింది?

*

కెమెరా మనుషుల్ని మాయం చేయడం కొత్తేమీ కాదు. 1838లో లూయీ డగేర్ పారిస్‌లో తన కిటికీలోంచి ఒక పెద్ద వీధిని ఫొటో తీశాడు. బళ్లు, గుర్రాలు, జనం తిరిగే వీధి. ఫొటోలో మాత్రం ఖాళీగా ఉంది. అప్పటి పలక మీద బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది. కదిలేవాళ్లెవరూ దాని మీద నిలవలేదు. ఒక మూల ఒక మనిషి బూట్లు పాలిష్ చేయించుకుంటూ కాలు కదపకుండా నిలబడ్డాడు. ఫొటోలో తేటగా పడ్డ తొలి మనిషి అతనే అంటారు. బూట్లు తుడుస్తున్నవాడి చేతులు ఆడుతూనే ఉంటాయి కదా, అతను మసకగానే మిగిలాడు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు పోడు గుర్తొచ్చింది. మా తాతలు ఒక కొండ చరియలో రెండు మూడేళ్లు పండించి, దాన్ని అడవికి వదిలేసి, మరో చోటుకు పోయేవాళ్లు. మళ్లీ ఏళ్ల తర్వాత అక్కడికే వచ్చేవాళ్లు. కదిలేవాళ్లు. నిలబడినవాడే రికార్డుకెక్కాడు. కదిలినవాడు లేనివాడయ్యాడు. ఆ పలక అబద్ధం చెప్పలేదు. దాని లెక్కలో ఉండటమంటే నిలబడటం, అంతే. ఆ ఫొటో చూసి వీధి ఖాళీ అని ఎవరైనా నమ్మితే పొరపాటు చూసినవాడిది. ఆ నమ్మకం మీద చట్టం కడితే మాత్రం అది పొరపాటు అనిపించుకోదు, అన్యాయం అవుతుంది.

చట్టం అన్నది ఊరికే అనలేదు. అమెరికాలో కాలిఫోర్నియాలో యోసెమిటీ అనే లోయ ఉంది. ప్రకృతి ఫొటోలు తీసేవాళ్లకు అది పుణ్యక్షేత్రం లాంటిది. 1851లో మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం ఆ లోయలోకి వెళ్లింది. అక్కడుండే అవానీచీ ఆదివాసుల్ని వెళ్లగొట్టడానికి వాళ్లు దాచుకున్న తిండిగింజలు తగలబెట్టింది. వాళ్ల పెద్ద తెనాయా. ఆయన కొడుకును చంపేశారు. ఆ దళంలోని ఒకడు అక్కడి సరస్సుకు తెనాయా పేరు పెడుతున్నామని ఆయనతోనే చెబితే, దానికి పేరు ముందే ఉంది అన్నాడట ముసలాయన. మెరిసే రాళ్ల సరస్సు అని వాళ్ల భాషలో దానికి పేరు. ఇప్పుడు పటంలో ఉన్నది తెనాయా పేరే. మనిషిని తీసేసి ఆయన పేరు ఉంచుకున్నారు.

పదేళ్లకు, 1861లో, కార్ల్‌టన్ వాట్కిన్స్ అనే ఫొటోగ్రాఫర్ కంచరగాడిదల మీద సామాను వేసుకుని ఆ లోయకెళ్లాడు. ఒక్కో గాజుపలక దాదాపు 18 అంగుళాలు, 22 అంగుళాలు. ఎత్తైన రాతి గోడలు, జలపాతాలు, నిశ్చలమైన నీళ్లు తీసుకొచ్చాడు. తూర్పు నగరాల్లో జనం ఆ ఫొటోలు చూసి నివ్వెరపోయారు. 1864 జూన్ 30న అబ్రహాం లింకన్ ఆ లోయను ప్రజల విహారానికి కేటాయించే చట్టం మీద సంతకం పెట్టాడు. ఆ చట్టానికి దారి వేసినవాటిలో వాట్కిన్స్ ఫొటోలు కూడా ఉన్నాయని చరిత్రకారులు చెబుతారు. లోయలో ఆదివాసులు అప్పటికీ ఉన్నారు, తర్వాత కూడా వంద ఏళ్లపాటు ఉన్నారు. పార్కులో కూలి పనులు చేసుకుంటూ, బుట్టలు అల్లి అమ్ముకుంటూ. వాళ్ల చివరి గూడేన్ని 1969లో నేలమట్టం చేశారు.

ఇందులో ఇంకొక సంగతి ఉంది. ఫొటోల్లో అంత అందంగా కనిపించిన ఆ లోయ, పెద్ద పెద్ద ఓక్ చెట్ల మధ్య విశాలమైన పచ్చిక బయళ్లు, దానంతట అది అలా లేదు. ఓక్ గింజలు అవానీచీల ప్రధాన ఆహారం. వాళ్లు అదను చూసి నేలమీద చిన్న మంట పెట్టేవాళ్లు. పొదలు కాలి, పచ్చిక వచ్చి, ఓక్ చెట్లకు వెలుతురు అందేది. వాళ్లను తీసేశాక మంట ఆగింది. పచ్చిక బయళ్లలోకి దేవదారు జాతి చెట్లు దట్టంగా ఎక్కేశాయి. ఫొటోగ్రాఫర్లు ప్రకృతి అని మోకరిల్లినది ఒక జాతి చేతిపని. చేతిపని మెచ్చుకున్నారు, చేతుల్ని చూడలేదు.

మన కొండల్లోనూ అంతే. మా ఊరి క్యాలెండర్ బొమ్మలో నది ఒడ్డున ఆ ఖాళీ చోటు మావాళ్లు ఆవులు మేపబట్టి ఖాళీగా ఉంది. మామిడి, చింత, జీలుగు ఎవరో ఒక తాత ఉంచబట్టి ఉన్నాయి. ఏ చెట్టు కొట్టాలో ఏది కొట్టకూడదో కులపెద్ద చెప్పేవాడు. ఆ బొమ్మ చూసిన పట్నం మనిషి మాత్రం "ఎంత తాకని ప్రకృతి!" అంటాడు.

*

ఈ ప్రశ్నకు నాకు బాగా దగ్గరగా వచ్చిన ఉదాహరణ ఆన్సెల్ ఆడమ్స్. ప్రకృతి ఫొటోలు తీసేవాళ్లలో ఆయన్ని మించిన పేరు లేదు. పెద్ద పెద్ద వ్యూ కెమెరాలతో పనిచేశాడు. తర్వాత మీడియం ఫార్మాట్ హాసెల్‌బ్లాడ్ కూడా వాడాడు. యోసెమిటీలో హాఫ్ డోమ్ కొండ మీద చంద్రుడున్న 1960 నాటి ఫొటో దానితో తీసిందే.

1944లో ఆయన సియెర్రా నెవాడా పర్వతాల తూర్పు వైపు లోన్ పైన్ అనే చిన్న ఊరి దగ్గర సూర్యోదయం ఫొటో తీశాడు. చలిలో చాలా పొద్దున్నలు వెళ్లాడు, వెలుతురు కుదరలేదు. చివరికి కుదిరిన రోజున పచ్చికలో మేస్తున్న గుర్రం వెనక్కి తిరిగి మొద్దులా నిలబడింది. అది పక్కకు తిరిగేదాకా ఆగి తీశాడు. వెనక మంచుకొండలు, మధ్యలో నల్లటి గుట్టలు, కింద వెలుగు చారలో చిన్న గుర్రం. చాలామంది చూసిన బొమ్మే.

అక్కడి గుట్ట మీద ఆ ఊరి హైస్కూలు పిల్లలు సున్నంతో తమ ఊరి పేరులోని రెండు అక్షరాలు పెద్దగా రాశారు. నెగటివ్‌లో అవి కూడా పడ్డాయి. ఆడమ్స్ వాటిని చెరిపేశాడు. దాచుకోలేదు, తానే పుస్తకంలో రాశాడు. ఆ మచ్చను శాశ్వతం చేసేంత నియమం తనకు లేదని ఆయన భావం.

గుర్రం కోసం ఆగాడు, పిల్లల రాతను చెరిపేశాడు. దాంట్లో పెద్ద నేరం ఉందని నేను అనను. కొండ మీద సున్నం పూయడం నాకూ నచ్చదు. కానీ ఆ ఫ్రేము చుట్టూ ఏముందో చూడండి. ఆ రోజుల్లో ఆడమ్స్ ఆ వైపు రావడానికి కారణం లోన్ పైన్‌కు దగ్గర్లోనే ఉన్న మాంజనార్ శిబిరం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం జపాన్ మూలాలున్న తన సొంత పౌరుల్ని ఇళ్లూ పొలాలూ వదిలించి ముళ్లకంచెల వెనక పెట్టింది. మాంజనార్‌లో పదివేల మందికి పైగా ఉన్నారు. ఆడమ్స్ వాళ్ల ఫొటోలు తీశాడు, వాళ్లు నిజమైన పౌరులేనని చెప్పడానికి 1944లో పుస్తకం వేశాడు. ఆ కాలంలో అది ధైర్యమైన పని. అంటే ఆయన మనుషుల్ని చూడలేనివాడు కాదు. మనుషులకు ఒక పుస్తకం, కొండలకు ఒక బొమ్మ, విడివిడిగా పెట్టుకున్నాడు.

ఇంకొంచెం వెనక్కెళ్తే ఆ లోయ పాయూట్ ఆదివాసులది. మంచుకొండల వాగులకు కాలవలు తవ్వి పచ్చిక తడిపిన జాతి. 1863లో సైన్యం దాదాపు వెయ్యి మందిని నడిపించి దూరంగా ఫోర్ట్ తెహోన్‌కు తరిమింది. చాలామంది తిరిగొచ్చి, తమ నేల మీదే కూలీలుగా బతికారు. 1913 నుంచి ఆ లోయ నీళ్లు పెద్ద కాలవలో లాస్ ఏంజిలస్ నగరానికి పోతున్నాయి. కింద ఉన్న పెద్ద సరస్సు ఎండిపోయింది. మంచుకొండల బొమ్మలో ఇవేవీ కనబడవు. ఒక్క బొమ్మలో ఇవన్నీ పట్టవు కూడా, ఒప్పుకుంటాను. కానీ బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. కాలవ కథ, పాయూట్ల కథ అంత దూరం పోలేదు.

ఆ మాంజనార్‌లోనే ఇంకొక ఫొటోగ్రాఫర్ ఉన్నాడు. టోయో మియాతాకే. లాస్ ఏంజిలస్‌లో స్టూడియో నడిపినవాడు, ఖైదీగా వచ్చాడు. ఖైదీల దగ్గర కెమెరా ఉండకూడదు. ఆయన ఒక లెన్సును దొంగతనంగా లోపలికి తెచ్చి, వడ్రంగితో చెక్కపెట్టె చేయించి కెమెరా తయారుచేసుకున్నాడు. తర్వాత అధికారులు ఒప్పుకున్నారు, ఒక షరతుతో: కెమెరా సిద్ధం చేయడం వరకే ఆయన పని, షటర్ నొక్కడానికి తెల్లవాడు ఉండాలి. కొన్నాళ్లకు ఆ షరతు కూడా పోయింది. ఆ చెక్కపెట్టె సంగతి చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఆడమ్స్ వచ్చిపోయే మనిషి. మియాతాకే కంచె లోపలి మనిషి. ఇద్దరూ ఒకే కొండల కింద నిలబడ్డారు. షటర్ మీద ఎవరి వేలు ఉంది అన్నది చిన్న విషయం కాదని ఆ షరతు పెట్టినవాళ్లకు బాగా తెలుసు. మనకే ఆలస్యంగా తెలిసింది.

*

అయితే మనుషుల్ని ఫ్రేములో పెడితే సరిపోతుందా? అదీ కాదు. 1868 నుంచి 1875 దాకా బ్రిటిష్ ప్రభుత్వం "ది పీపుల్ ఆఫ్ ఇండియా" అని ఎనిమిది సంపుటాలు వేసింది. నిండా మనుషుల ఫొటోలే. ఎక్కువమందికి పేరు లేదు. ఇది ఫలానా జాతి, వీళ్ల గుణం ఇది అని రాశారు, పశువుల సంతలో పళ్లు చూసి చెప్పినట్టు. ఫ్రేము మధ్యలో నిలబెట్టి కూడా మనిషిని లేకుండా చేయవచ్చు.

మా కొండరెడ్ల మీద హైమెండార్ఫ్ రాసిన పుస్తకం 1945లో వచ్చింది. పాపికొండల్ని ఇంగ్లిషులో బైసన్ హిల్స్ అంటారు, ఆ పేరుతోనే. ఆయన మా ఊళ్లలో మకాం పెట్టాడు, మనుషుల్ని పేరుతో ఎరుగు. ఆయన తీసిన ఫొటోలు లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన సోయస్‌లో భద్రంగా ఉన్నాయి. భద్రంగా ఉన్నందుకు సంతోషమే. మా తాతల ముఖం చూడాలంటే లండన్ తలుపు తట్టాల్సి రావడం మాత్రం కష్టంగా ఉంది.

ఇదంతా పాతకాలపు బాధ అనుకోకండి. ఖాళీ బొమ్మ ఈరోజు కూడా సాక్ష్యం చెబుతోంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగు చేసుకుంటున్నట్టు ఆదివాసులు చూపించాలి. చాలా చోట్ల దరఖాస్తుల మీద ఆకాశం నుంచి తీసిన ఉపగ్రహ చిత్రం పెట్టి, ఆ ఏడాది ఇక్కడ పొలం కనిపించడం లేదు, అడవే ఉంది అన్నారు. చెట్ల మధ్య చల్లిన జొన్న, కంది పైనుంచి చూస్తే అడవిలాగే ఉంటాయి. విడిచి మళ్లీ వచ్చే పోడు అడవిలాగే ఉంటుంది. 2012లో సవరించిన నిబంధనలు ఈ విషయం తేల్చి చెప్పాయి. ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడుగా ఉండొచ్చు, వాటి బదులు ఉండకూడదు. ఊరి పెద్దల మాట, పాత రాళ్లు, సమాధులు, వేల్పుల చోట్లు కూడా సాక్ష్యాలే. ఈ నిబంధన మన పిల్లలందరికీ నోటికి రావాలి. "ఫొటోలో లేరు కాబట్టి నేల మీద లేరు" అనే మాటకు అదే జవాబు.

*

ఇప్పుడు నా ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాను. ఎప్పుడూ ఎవర్నీ ఫ్రేములోంచి జరపకూడదా? అలా అయితే ఎవరూ ఏ బొమ్మా తీయలేరు. ఫ్రేముకు నాలుగు అంచులుంటాయి. ఏదో ఒకటి బయట ఉంటుంది. మన పాటలోనూ అన్నీ రావు. మన గోడ మీద వేసే ముగ్గులోనూ అన్నీ రావు. వదిలేయడం కళకు తప్పదు.

నేను తేల్చుకున్నది ఇది. వదిలేయడం ఒకటి, లేదనిపించడం ఇంకొకటి. మా అత్తను ఒక్క బొమ్మలో వదిలేస్తే ఆయన కళకు హక్కుందనే అంటాను. ఆ బొమ్మ కింద "తాకని ప్రకృతి" అన్నట్టు ఏదైనా రాసి, ఊరి పేరు రాయకుండా, ఆ దారి ఎవరిదో చెప్పకుండా ఊరూరా పంచితే, అది లేదనిపించడం. క్యాలెండర్‌లో జరిగింది అదే. ఎవర్నైనా జరిపితే వాళ్లకు బాకీ పడినట్టే. అడిగి జరిపితే, పేరు రాస్తే, ఒక ప్రతి తెచ్చి చేతికిస్తే, మరుసటి బొమ్మలో వాళ్లకు ఇష్టమైనట్టు నిలబెట్టి తీస్తే ఆ బాకీ తీరుతుంది. మూడు రోజులు వెలుతురు కోసం ఆగగలిగినవాడికి ఐదు నిమిషాలు ఒక మనిషితో మాట్లాడటం బరువు కాదు. రోలులో ఎనిమిది బొమ్మలున్నాయి. ఒక్కటి మా ఊరికి ఇచ్చి ఉంటే ఈ రోజు మేము ఇంత బీదగా ఉండేవాళ్లం కాదు.

ఇక నా బాకీ. ఆయనకు మా అత్త ఎవరో తెలియదు. నాకు తెలుసు. ఆవిడ చేతి అంబలి తాగి పెరిగాను. "ఆవిడ మా మేనత్త అండీ, ఆ మోపుతోనే తీయండి, బాగుంటుంది" అని నేను అనవచ్చు. అనలేదు. చదువుకుంటున్నవాడిని. ఆ అద్దంలో నాకూ నది, కొండే అందంగా కనిపించాయి. మోపు మోస్తున్న మా మనిషి ఆ అందానికి తగదని లోపలెక్కడో నాకే అనిపించింది. కెమెరా కంటే ముందు ఆ చూపు నాలోకి బడిపుస్తకాల్లోంచి, సినిమాల్లోంచి వచ్చి కూర్చుంది. బయటివాడి కెమెరాను ప్రశ్నించే ముందు నేను తుడుచుకోవాల్సింది ఆ అద్దం.

రెండేళ్ల కిందట కాలనీలో మా అత్త ఇంటికి వెళ్లాను. పాత క్యాలెండర్ కాగితం ఎవరో దాచి ఉంచితే ఆవిడ గోడకు అంటించుకుంది. నాకు సిగ్గేసింది. "ఎందుకత్తా ఇది, ఇందులో మనూరు కూడా కనపడదు" అన్నాను. ఆవిడ లేచి వెళ్లి, బొమ్మ అంచు దాటి పక్కనున్న ఉత్త గోడ మీద వేలు పెట్టింది. "చింతచెట్టు ఇక్కడుంది అల్లుడా. నేను ఇక్కడ నిలబడ్డాను. మీ ఇల్లు ఇదిగో, ఇక్కడ. వేల్పుల చోటు ఇంకా పైకి." గోడంతా చేత్తో తడుముతూ ఊరంతా చెప్పింది. పక్కింటి పిల్లలు నోరు తెరిచి విన్నారు. అందులో ఒకడు ఫోన్ తీసి ఆవిడ్ని ఫొటో తీయబోయాడు. "ఉండరా, జుట్టు ముడేసుకోనీ" అంది. వాడు ఆగాడు.

ఆ ఫొటోలో వెలుతురు బాలేదు. ట్యూబులైటు నీడ ముఖం మీద పడింది. కింద వాడు ఆవిడ పేరు, మునిగిన ఊరి పేరు రాసుకున్నాడు. మన పిల్లల్లో ఎవరైనా రేపు ఆ మంచి కెమెరా, ఆ మూడుకాళ్ల స్టాండు కొనుక్కోవాలని నా కోరిక. కొండ ఎక్కాలి, మంచు విడిచేదాకా ఆగాలి, నల్లగుడ్డ కింద తలకిందుల నదిని చూడాలి. కింద దారిలో ఎవరైనా మోపుతో వస్తుంటే మాత్రం, జరగమని కేకేసే ముందు కిందికి దిగి అడగాలి.